గంటకు పది

ఎనిమిది మంచాల ఆ వార్డులోకి దబదబమ్మ అడుగుపెడితే, నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి గట్టిగా ఊపిరి పీల్చుకునేవాళ్లు. ఆపరేషన్ అయినవాళ్ల ఊపిరితిత్తులు చూసుకోవడం ఆమె ఉద్యోగం. అరచేతుల్ని దొప్పల్లా చేసి వీపుమీద కొట్టి కఫం కదిలించడం, దగ్గించడం, మూడు బంతుల డబ్బా చేతికిచ్చి గాలి పీల్పించడం, ఇవీ ఆమె పనులు. ఆ దెబ్బల చప్పుడుకే ఆ పేరొచ్చింది. ఎదురుగా అందరూ "మేడమ్" అనేవాళ్లు. వెనక ఏమంటారో ఆమెకు తెలుసు, అది ఆమెకు ఇష్టం కూడా.

ఆమె దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. ఊపిరి ఎలా తీసుకోవాలో తెలియనివాళ్లు ఒకటి, తమకు తెలియదన్న సంగతి కూడా తెలియనివాళ్లు రెండోది. రోగులు మొదటి జాతి, డాక్టర్లు రెండో జాతి. రెండో జాతికి రాజు పెద్దడాక్టరు. రోజూ తొమ్మిదింటికి నలుగురు చిన్నడాక్టర్లనీ ఇద్దరు నర్సుల్నీ వెంటేసుకుని రౌండ్స్‌కి వస్తాడు. మంచం మంచానికీ ఆగి, కట్టు విప్పించి, తను వేసిన కుట్ల వంక కొత్త చొక్కా కుట్టించుకున్నవాడిలా మురిసిపోతూ చూసుకుంటాడు. ఆ కుట్ల వెనక ఒక మనిషున్నాడనీ, ఆ మనిషికి ఛాతీ అనేది ఒకటుందనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం వెంట ఉన్నవాళ్లకు లేదు. ఆయన "కదా" అంటే "అవును సార్" అనడంతో వాళ్ల చదువు పూర్తవుతుంది. నోరుండి మూగవాళ్లయిన ఆ ఆరుగురినీ చూస్తే దబదబమ్మకు పెద్దడాక్టరు మీదకంటే ఎక్కువ ఒళ్లుమండేది.

ఆ మంగళవారం ఆరో మంచం మీదకి కొత్తాయన వచ్చాడు. గడియారాలు బాగుచేసే మెకానిక్కు, అరవై దాటిన బక్కమనిషి. పిత్తాశయంలో రాళ్లుంటే ముందురోజే తీసేశారు. కుడివైపు పక్కటెముకల కింద జానెడు కోత. పక్కన స్టూలు మీద అతని భార్య, ఒళ్లో సంచి పెట్టుకుని, ఎవరైనా లెమ్మంటే లేచిపోవడానికి సిద్ధంగా కూర్చుని ఉంది.

దబదబమ్మ మూడు బంతుల డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, అందులో మూడు గదులు, గదికో బంతి, పక్కనుంచి ఒక గొట్టం.

"గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చు. ఊదకూడదు. ఊదితే బంతులు లేవవు, నన్ను చూసి నవ్వుతాయి. పీల్చు."

అతను పీల్చాడు. మొదటి బంతి కొంచెం కదిలి మళ్లీ కూర్చుంది. అతని చెయ్యి దానంతటదే కట్టు మీదకి వెళ్లింది.

"అదేనా పీల్చడం? ఇంకా."

"నేను గడియారాలు బాగుచేస్తానండి," అన్నాడతను, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "చిన్నచిన్న స్క్రూలు ఎగిరిపోతాయని ఊపిరి బిగబట్టి పనిచేస్తాం. అదే అలవాటైపోయింది."

"ఇక్కడ నీకెవరూ గడియారాలు తేలేదులే. పీల్చు."

"నొప్పిగా ఉందేమోనమ్మా," అంది భార్య.

"పొట్ట కోస్తే నొప్పిగా కాక తియ్యగా ఉంటుందా? ఈ వార్డులో ఎనిమిది మందికీ నొప్పే. నొప్పి నొప్పని పైపైన ఊపిరి తీస్తే కిందంతా కఫం నిలబడిపోతుంది. కఫం నిలబడితే లోపల చిన్న గొట్టాలు మూసుకుపోతాయి. మూసుకున్న చోట మిగిలిన గాలిని రక్తం లాగేసుకుంటుంది. గాలి లేని ముక్క ముడుచుకుపోతుంది. తర్వాత జ్వరం, ఆయాసం, ఆ తర్వాత గొంతులో గొట్టం. అర్థమైందా?"

అర్థమైందో లేదో వినడానికి ఆమె ఆగలేదు. మంచం కొసకు గళ్ల కాగితం ఒకటి తగిలించింది. గంటకో వరుస, వరుసకు పది గళ్లు.

"గంటకు పదిసార్లు. ఒక్కోసారికి ఒక్కో టిక్కు. రేపు నేనొచ్చేసరికి ఒక్క గడి ఖాళీగా కనిపించిందో, డిశ్చార్జి కాగితం మీద నా సంతకం పడదు. ఇద్దరూ ఇక్కడే కాపురం పెట్టుకోండి."

అక్కడితో ఊరుకోక, నాలుగో మంచం లారీడ్రైవరు కాగితాన్ని పైకెత్తి వార్డంతా చూపించింది. అందులో రెండు వరుసలు ఖాళీ. "చూశారుగా, ఈ మహానుభావుడికి ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదట!" అంది. వార్డు భయంతోనే నవ్వింది. లారీడ్రైవరు దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. గడియారాలాయన భార్య ఆ ఖాళీ గళ్ల వంక చాలాసేపు చూసింది.

మర్నాడు ఆరో మంచం కాగితం నిండుగా ఉంది. గంటకు పది టిక్కులు, అన్నీ ఒకే ఎత్తులో, గడి దాటకుండా. దబదబమ్మకు తృప్తిగా అనిపించింది. మనుషులకు మంచి మాట ఎక్కదు, నాలుగు తగిలిస్తేనే దారికొస్తారు అనుకుంది. తన వార్డులో ఏ కాగితంలోనూ రెండోసారి ఖాళీ గడి ఉండదని ఆమె నలుగురిలో చెప్పుకునేది. అది నిజం కూడా.

తర్వాత స్టెతస్కోపు తీసి అతని వీపుమీద పెట్టింది. ఎడమవైపు పైనుంచి కిందదాకా గాలి బాగానే ఆడుతోంది. కుడివైపు పైన సరే, కిందకి దిగేసరికి చప్పుడు లేదు. కొంచెం జరిపి పెట్టింది, అక్కడా లేదు. ఎడమ వేలు ఆనించి దానిమీద కుడి వేలితో తట్టింది. గుల్లగా మోగవలసిన చోట మొద్దుగా మోగింది. ఎదురుగా వచ్చి నిలబడి చూస్తే ఛాతీ ఎడమసగం లేస్తోంది, కుడిసగం బద్ధకంగా దాని వెనక వస్తోంది. ఊపిరి నిమిషానికి ఇరవై ఎనిమిది. ఒంట్లో నూరు డిగ్రీల జ్వరం.

ఊపిరితిత్తి ముక్క ముడుచుకుందని ఆమెకు తెలిసిపోయింది. తేలవలసింది ఎందుకన్నదే. లోపల కఫం అడ్డుపడి ముడుచుకోవడం ఒక రకం. బయట నీరు చేరి నొక్కడం వల్ల ముడుచుకోవడం ఇంకో రకం. మొదటిదైతే తప్పు ఊపిరి తియ్యని రోగిది, తియ్యించని తనది. రెండోదైతే, ఆపరేషన్ చేసిన చోట ఏదో కారి, దాని వాపుకు పైన ఛాతీలో నీరు చేరి ఉండొచ్చు. అంటే తప్పు పెద్దడాక్టరుది.

ఆమె కాగితం వంక చూసింది. గంటకు పది చొప్పున టిక్కులు వరసగా కనిపిస్తున్నాయి. ఇంతగా పీల్చినవాడికి కఫం ఎలా అడ్డుపడుతుంది? అడ్డుపడదు. అయితే నీరే. ఆ మాట అనుకోగానే ఆమెకు సంతోషమేసింది. ఒక మనిషి ఆయాసపడుతుంటే సంతోషమేమిటని అడిగే తీరిక అప్పుడామెకు లేదు.

రెండు రకాల్నీ విడదీసే పరీక్ష ఒకటుంది, అది తెలియక కాదు. రొమ్ము ఎముక పైన, గొంతు గుంటలో, వేలు పెట్టి చూడాలి. నీరైతే గాలిగొట్టాన్ని అవతలి పక్కకు నెడుతుంది. కఫం అడ్డుపడి ముడుచుకుంటే తనవైపు లాక్కుంటుంది. పనికి కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజు ఆమే నేర్పుతుంది ఈ సంగతి. రెండు క్షణాల పని. ఆరోజు ఆమె వేలు పెట్టలేదు.

పెద్దడాక్టరు రౌండ్స్‌కి వచ్చి కట్టు విప్పించాడు. "బ్రహ్మాండంగా మానుతోంది కదా?"

"అవును సార్," అన్నారు ఆరుగురూ.

"సార్, కుడివైపు కింద గాలి ఆడటం లేదు," అంది దబదబమ్మ. "నీరు చేరిందనుకుంటా. ఎక్స్‌రే తీయిస్తే మంచిది."

పెద్దడాక్టరు ఆమె వైపు తిరగలేదు, కుట్లతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు. "నా ఆపరేషన్‌లో నీరెందుకు చేరుతుందమ్మా?"

"అదే చూద్దామంటున్నా సార్."

"నువ్వు వీపు సంగతి చూసుకో. పొట్ట సంగతి నేను చూసుకుంటా. వార్డులో ఉక్కగా ఉంది, దానికే ఒళ్లు వెచ్చబడింది. యాంటీబయాటిక్ మార్చండి."

చిన్నడాక్టర్లలో ఒకతను గబగబా రాసుకున్నాడు. అతను పొద్దున్నే రోగి ఆయాసం చూశాడు, ఆమెతో అన్నాడు కూడా. ఇప్పుడు కలంలో ఇంకు చూసుకుంటున్నాడు.

"చూశావా అక్కా," అంది ఆమె తర్వాత హెడ్ సిస్టరు గదిలో. "లోపల కారుతోంది. ఆయన కుట్టిన కుట్టే కారుతోంది. ఒక్కడికీ నోరు పెగలదు, పిరికి వెధవలు!"

"నాకెందుకమ్మా," అంది హెడ్ సిస్టరు. "ఇంకో నాలుగేళ్ల సర్వీసుంది."

మూడోరోజు పొద్దున గడియారాలాయన పెదవులు నల్లబడ్డాయి. వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు, తొంభై అయిదు ఉండాల్సింది, ఎనభై ఏడు చూపించింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఊపిరి ముప్పై రెండు. మాట మధ్యలో రెండుసార్లు ఆగితేగాని వాక్యం పూర్తిచెయ్యలేకపోతున్నాడు. ఇక పెద్దడాక్టరుకు కూడా ఉక్క అనడానికి వీల్లేకపోయింది. పదిన్నరకు చక్రాల కుర్చీలో, ఒళ్లో చిన్న సిలిండరుతో, ఎక్స్‌రే గదికి తీసుకెళ్లారు. అక్కడ ముందు ఇంకెవరో ఉంటే ఆగవలసొచ్చి, పన్నెండుకు తిరిగి తీసుకొచ్చారు. దబదబమ్మ వార్డు గుమ్మంలోనే నిలబడింది. ఆ ఫిల్ములో నీరు కనిపించే క్షణంలో పెద్దడాక్టరు మొహం ఎలా ఉంటుందో చూడాలని ఆమెకు ఎన్నో ఏళ్ల కోరిక.

ఫిల్మును ఆయన కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. చూసి, చిరునవ్వు నవ్వి, ఆమెను వేలితో పిలిచాడు.

"నీరెక్కడుందో చూపించమ్మా."

కుడివైపు కింద తెల్లగా ఉంది. కానీ గాలిగొట్టం అవతలికి నెట్టుకుపోయి లేదు, కుడిపక్కకే వంగి ఉంది. పక్కటెముకలు దగ్గరపడ్డాయి. ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న పొర పైకి లేచింది. లోపలున్నదేదో అన్నిటినీ తనవైపు లాక్కుంటోంది. చదువుకునే పిల్లలు కూడా చెప్పగలరు, కఫం అడ్డుపడి ముడుచుకుపోయిన ఊపిరితిత్తి అది. కుట్టు కారలేదు. పెద్దడాక్టరు కుట్లు నిజంగానే బ్రహ్మాండంగా ఉన్నాయి.

"నీ బంతులాట ఆడించలేదన్నమాట," అన్నాడాయన అందరికీ వినపడేట్టు. "రోజంతా నీరు నీరని గోల చేశావు. రేపు పొద్దున్న ఇంకో ఎక్స్‌రే. అప్పటికి తెరుచుకోకపోతే గొంతులోంచి గొట్టం వేసి కఫం తీయాలి. ఈ వయసులో, ఈ ఊపిరితో, మళ్లీ మత్తిచ్చి. లేస్తాడో లేదో! ఎందుకిలా అయిందో నువ్వు రాతపూర్వకంగా ఇవ్వాలి. రేపటికల్లా."

ఆరుగురూ నేల చూశారు. గడియారాలాయన భార్య స్టూలు మీదనుంచి లేచి నిలబడింది. తన భర్త లేస్తాడో లేదో అన్న మాట ఒక్కటే ఆమెకు అర్థమైంది.

దబదబమ్మకు చెవులు కాలిపోయాయి. తిన్నగా ఆరో మంచం కొసకు వెళ్లి కాగితం లాగింది. నిండుగా ఉంది. పదకొండు గంటల వరుసలో కూడా పది టిక్కులున్నాయి. పదకొండింటికి ఈ మనిషి ఎక్స్‌రే గదిలో ఉన్నాడు.

ఆమెకు మాట దొరికింది. "ఏమ్మా, పదకొండింటికి మీ ఆయన ఎక్కడున్నాడు?"

"ఫొటోకి వెళ్లారు కదమ్మా."

"మరి ఈ పది టిక్కులు ఎవడు పెట్టాడు?"

"నేనే పెట్టానమ్మా."

"దొంగ టిక్కులా! మనిషి చావుబతుకుల్లో ఉంటే దొంగ టిక్కులు పెడతావా!"

వార్డు మొత్తం ఇటు తిరిగింది. ఆ ముసలామె మొహంలో మొట్టమొదటిసారి కోపం కనిపించింది.

"దొంగ టిక్కు నేనెందుకు పెడతానమ్మా? డబ్బా ఇక్కడే ఉంది కదా. నేను పీల్చాను. పదిసార్లూ పీల్చాను. మూడో బంతి లేవకపోతే దాన్ని కలుపుకోలేదు కూడా."

దబదబమ్మకు అర్థం కాలేదు. "నువ్వు పీల్చావా?"

"ఆయనకు నొప్పిగా ఉందమ్మా. మొదటిరోజు మీరెళ్లాక మూడుసార్లు పీల్చి ఏడ్చేశారు. ఆయన ఏడవడం నేను చూడలేదు ఎప్పుడూ. గడి ఖాళీగా ఉంటే మీరు నలుగురిలో కాగితం ఎత్తి చూపిస్తారు, అది ఆయనకు ఇంకా బాధ. పోనీ ఊరికే టిక్కు పెడదామంటే అబద్ధమవుతుంది. అందుకని ఆయనవి నేను పీల్చాను." కాగితం వైపు చూపిస్తూ అంది. "మొదట్లో కళ్లు తిరిగేవి. ఇప్పుడు అలవాటైంది. ఒకటీ ఎగ్గొట్టలేదమ్మా, నమ్మండి."

మూడు రోజులుగా ఆ ముసలామె ఊపిరితిత్తులు వార్డులో అందరికంటే బాగా తెరుచుకున్నాయి. వేరే రోజైతే దబదబమ్మ ఈ కథ హెడ్ సిస్టరు గదిలో చెప్పి కళ్లనీళ్లొచ్చేలా నవ్వి ఉండేది. "మొద్దు మొహాలు" అని ఉండేది. అనడానికి నోరు తెరిచింది కూడా. మంచం మీద గడియారాలాయన ఆక్సిజన్ గొట్టం చాటునుంచి, భార్యను తిట్టొద్దని చెయ్యి ఎత్తబోయి ఎత్తలేక, ఆమె వంకే చూస్తున్నాడు. వాళ్లిద్దరి కళ్లలో ఉన్నది తెలివితక్కువతనం కాదు, భయం. ఆ భయం ఆమె రోజూ చూసేదే. పెద్దడాక్టరు ముందు ఆ ఆరుగురి కళ్లలో ఉండేది ఇదే.

అప్పుడు వంగి, అతని గొంతు గుంటలో వేలు పెట్టింది. గాలిగొట్టం కుడికి ఉంది. నిన్న పెట్టినా అక్కడే ఉండేది.

"నొప్పి ఎంత ఉంది?" అని అడిగింది.

అతను భార్య వంక చూశాడు. చెప్పొచ్చా అన్నట్టు చూశాడు. "చాలా," అన్నాడు.

హెడ్ సిస్టరు గదిలో ఫైలు తీసి చూస్తే, నొప్పికి ఇంజెక్షన్ రాసే ఉంది. "రోగి అడిగితే ఇవ్వాలి" అని పెద్దడాక్టరు చేతిరాత. మూడు రోజుల్లో ఒక్కటీ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదంటే, అతను అడగలేదు.

"అడగందే ఎలా ఇస్తామమ్మా?" అంది హెడ్ సిస్టరు.

"ఇప్పుడు నేనడుగుతున్నా అక్కా. ఇవ్వు."

ఇంజెక్షన్ ఇచ్చి అరగంట ఆగారు. ఆ అరగంటా ఆమె నిలబడే ఉంది, వేరే మంచం దగ్గరకు పోలేదు. తర్వాత అతన్ని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టింది. మంచం కాళ్లవైపు కొంచెం ఎత్తించింది. కోతకు దూరంగా, కుడి వీపు మీద, దొప్పచేతులతో మొదలుపెట్టింది. చప్పుడే కానీ దెబ్బ తగలకూడదు, మణికట్టు వదులుగా ఉండాలి. ఊపిరి వదిలేటప్పుడు రెండు చేతులూ ఆనించి సన్నగా వణికించాలి. భార్యకు దిండు ఇచ్చి కుట్ల మీద అదిమి పట్టుకోమంది.

"గట్టిగా పట్టుకో పెద్దమ్మా. నువ్వు పట్టుకుంటే కుట్లు ఎక్కడికీ పోవు. పెద్దాయనా, ఇప్పుడు దగ్గొద్దు. అద్దం మీద ఆవిరి వదిలినట్టు 'హా' అనండి. అంతే. నొప్పొస్తే చెయ్యెత్తండి, ఆపుతా."

అతను రెండుసార్లు చెయ్యెత్తాడు. ఆమె రెండుసార్లూ ఆపింది. ఆపడం ఆమెకు కష్టంగా ఉంది. చేతులు వాటి వేగానికి అలవాటుపడి ఉన్నాయి.

మూడింటికి ఏమీ రాలేదు. నాలుగింటికీ రాలేదు. క్లిప్పు ఎనభై ఎనిమిది దాటడం లేదు. ఉప్పునీటి ఆవిరి పట్టించి మళ్లీ మొదలుపెట్టింది. ఆమె జాకెట్టు చెమటతో వీపుకు అంటుకుపోయింది. అయిదుంపావుకు 'హా' అంటుండగా లోపల ఏదో తెగినట్టు గరగరమంది. "ఇప్పుడు దగ్గండి, ఇప్పుడు!" అని అరిచింది. భార్య దిండును తన బరువంతా వేసి అదిమింది. అతను దగ్గాడు, మళ్లీ దగ్గాడు, పళ్లెంలోకి వేలెడు పొడవు కఫం పడింది. పసుపుపచ్చగా, గట్టిగా, లోపలి గొట్టం ఆకారంలోనే ఉంది. ఆ వెంటనే ఇంకొంత పడింది.

దబదబమ్మ స్టెతస్కోపు పెట్టింది. కుడివైపు కింద, తడికాగితం విప్పుతున్నట్టు చిటపటమంటూ గాలి దిగుతోంది. ఆమె చాలాసేపు విన్నది.

"పీల్చండి," అంటూ డబ్బా ఇచ్చింది. మొదటి బంతి లేచింది. రెండోది సగం లేచింది.

"టిక్కు పెట్టనామ్మా?" అంది భార్య.

"పెట్టు. అది ఆయనదే."

మర్నాటి ఎక్స్‌రేలో తెలుపు చాలామటుకు పోయింది. గాలిగొట్టం మధ్యకు వచ్చింది. క్లిప్పు తొంభై అయిదు. పెద్దడాక్టరు ఫిల్ము చూసి, "మొన్న మార్చిన యాంటీబయాటిక్ బాగా పనిచేసింది కదా," అన్నాడు.

"అవును సార్," అన్నారు ఆరుగురూ.

రౌండ్స్‌కి గంట ముందే హెడ్ సిస్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. "రాతపూర్వకంగా ఏముందమ్మా, ఆ ముసలామె చేసిందని రాసిపడెయ్. అబద్ధం కూడా కాదు. నీమీదకు రాదు." దబదబమ్మ అలాగే మొదలుపెట్టింది. "రోగి భార్య అవగాహన లేక" అన్నదాకా రాసింది. చేతిరాత చక్కగా వచ్చింది, వాక్యం కూడా బాగుంది. ఆ వాక్యాన్ని పెద్దడాక్టరు రాసినా ఇలాగే రాస్తాడనిపించి, ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. కాగితం చింపి ఇంకోటి తీసుకుంది.

ఇప్పుడు పెద్దడాక్టరు ఆ రెండో కాగితం చేతిలోకి తీసుకుని పైకే చదివాడు. "'నొప్పిగా ఉందని చెబితే నేను ఎగతాళి చేశాను. ఆ తర్వాత వాళ్లు చెప్పడం మానేశారు. కాగితం నిండి ఉండటం చూసి మనిషిని చూడలేదు. తప్పు నాది.'" చదివి నవ్వాడు. "ఇదంతా ఎందుకమ్మా? 'అజాగ్రత్త' అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా. సరే, ఫైల్లో పెట్టండి."

చిన్నడాక్టరు ఒకతను ఆమె వంక జాలిగా చూశాడు. ఎప్పుడూ అసహ్యించుకునే ఆ చూపును ఆమె ఇవాళ తలదించుకుని తీసుకుంది. ఎవరెదుట ఎవరు నోరు మూసుకుంటారో, ఆ వరుసలో తను ఎటువైపు నిలబడుతూ వచ్చిందో ఇప్పుడామెకు తెలుసు.

రౌండ్స్ వెళ్లిపోయాక రెండో మంచం దగ్గరకు వచ్చింది. రెండు రోజుల కిందట ఆపరేషన్ అయిన ఆవిడ, కూరగాయల బండి నడుపుతుంది. నిన్న జరిగిందంతా మంచం మీదనుంచి చూసింది. దబదబమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ వార్డులో ఆమె కూర్చోవడం అదే మొదలు. గొంతు తగ్గించి, చేతనైనంత మెత్తగా అడిగింది.

"నొప్పిగా ఉందామ్మా?"

ఆవిడ ఉలిక్కిపడి లేవబోయింది. కట్టు దగ్గర పట్టేసి మొహం వంకరపోతే, ఆ వంకరను నవ్వుగా మార్చుకుంది.

"అబ్బే, నొప్పేం లేదు మేడమ్. అస్సలు లేదు," అంటూ గబగబా డబ్బా అందుకుని నోట్లో గొట్టం పెట్టుకుంది.

దబదబమ్మ స్టూలు ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంది. మళ్లీ అడిగింది.